యల్లాప్రగడ సుబ్బారావు

గోదావరి డెల్టాలోని భీమవరము వరి పొలములకును, చేపల చెఱువులకును పేరుపొందిన పట్టణము. 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన యల్లాప్రగడ సుబ్బారావు అచ్చట జన్మించెను. తండ్రి జగన్నాథము రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. వారి ఏడుగురు సంతానములో సుబ్బారావు నాలుగవవాడు. తండ్రి ఆరోగ్యము చెడి ఉద్యోగమును ముందుగానే విడిచిపెట్టవలసి వచ్చినందున ఇంటి జరుగుబాటు కష్టమయ్యెను.

బాల్యములో సుబ్బారావునకు చదువుపై అంతగా శ్రద్ధ లేదు. బడిలో కూర్చుండుటకన్న ధనము సంపాదించుట మేలని అతనికి తోచెను. కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మినచో త్వరలోనే భాగ్యవంతుడు కావచ్చునని తలచి, ఒకనాడు ఇల్లు విడిచి బయలుదేరెను. తల్లి అతనిని వెనుకకు రప్పించి మరల బడిలో కూర్చుండబెట్టెను. వెంకమ్మ పట్టుదల గల ఇల్లాలు. భర్త గతించిన పిదప నగలమ్మి కుమారుని చెన్నపట్టణమునకు పంపెనని చెప్పుదురు. అచ్చటి హిందూ హైస్కూలులో చదివి, రెండుసార్లు తప్పిన మెట్రిక్యులేషను పరీక్షలో మూడవసారి సుబ్బారావు ఉత్తీర్ణుడయ్యెను. ప్రపంచ ప్రఖ్యాతి గాంచిన శాస్త్రజ్ఞుల చరిత్రలలో ఇట్టి ఆరంభము తఱచుగా కనబడదు.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియేటు చదువుచున్న కాలమున ఆయన మనస్సు వైరాగ్యము వైపు మళ్లెను. రామకృష్ణ మఠములో చేరి సన్న్యసింపవలెనని ఆయన కోరిక. తల్లి అందుకు సమ్మతింపలేదు. వైద్యవిద్య నేర్చి రోగులకు సేవచేయుట మేలని మఠమువారును సలహా ఇచ్చిరి. ఆ విధముగా ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరెను. మిత్రులును, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తియు ఆయన చదువునకు ధనసహాయము చేసిరి. 1919లో సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరితో ఆయన వివాహము జరిగెను.

అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మారుమ్రోగుచున్న దినములు. సుబ్బారావు విదేశీ వస్త్రములు విడిచి, శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు అంగీతో వెళ్లెను. ఆంగ్లేయుడైన ఆచార్యునికి అది కంటగింపయ్యెను. తక్కిన విషయములలో చక్కగా ఉత్తీర్ణుడైనను సుబ్బారావునకు పూర్తి పట్టము లభింపలేదు. అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. అర్హతతో ఆయన తృప్తి పడవలసి వచ్చెను. ప్రభుత్వ వైద్యశాఖలో ప్రవేశము దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రము బోధించు ఉద్యోగములో ఆయన కుదురుకొనెను.

ఇంతలో ఆ కుటుంబముపై పెద్ద విపత్తు వచ్చి పడెను. అన్న పురుషోత్తము, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాతో ఒకే వ్యాధికి బలియైరి. స్ప్రూ అనునది ఉష్ణదేశములలో కనిపించు గ్రహణి వంటి వ్యాధి. తిన్న అన్నము ఒంటబట్టదు. విరేచనములు ఆగవు. నాలుక పొక్కును, రక్తము పలుచబడును. రోగి దినదినము కృశించి కడకు అస్థిపంజరమువలె అగును. అప్పటి వైద్యులకు దాని కారణమును తెలియదు, మందును తెలియదు. వైద్యము చదివి యుండియు సుబ్బారావు తన సోదరులను కాపాడలేకపోయెను. ఆ మందును వెదకుటకై ఆయన సముద్రము దాటవలెనని నిశ్చయించుకొనెను.

కాకినాడలోని మల్లాడి సత్యలింగము నాయకరు ధర్మసంస్థ కొంత సహాయము చేయుదుమనెను. మామగారు మిగిలిన ధనమును సమకూర్చిరి. ముప్పది యేండ్లు నిండకమునుపే సుబ్బారావు అమెరికాలోని బోస్టను నగరము చేరెను. కొద్ది సంవత్సరములలో తిరిగి వత్తునని భార్యకు చెప్పి వెళ్లిన ఆయన, మరల స్వదేశమునకు రానేలేదు. ఆయన వెళ్లిన పిదప జన్మించిన కుమారుడు ఏడాది నిండకమునుపే మరణించెను. తండ్రి ఆ బిడ్డ ముఖము చూచి యెఱుగడు. శేషగిరి జీవితమంతయు ఎదురుచూపులోనే గడచెను. సుబ్బారావు సాధించిన ఘనకార్యములను లెక్కించునపుడు, వాటికి మూల్యము చెల్లించినది ఆయన ఒక్కడే కాదని మఱువరాదు.

హార్వర్డు విశ్వవిద్యాలయములో ఉష్ణదేశ వ్యాధులను గూర్చి చదువుటకు ఆయనకు ప్రవేశము దొరికెను గాని విద్యార్థివేతనము లేదు. స్ట్రాంగు అను ఆచార్యుడు ఆదుకొనెను. రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలను కడుగు పని చేసి ఆయన పొట్ట పోసికొనెను. పట్టభద్రుడైన వైద్యుడు ఆ పనికి సిగ్గుపడలేదు. చదువు ముగిసిన పిమ్మట హార్వర్డు వైద్య కళాశాలలోనే జీవరసాయన శాస్త్ర విభాగమున సైరస్ ఫిస్కె అను ఆచార్యుని వద్ద పరిశోధకుడుగా చేరెను.

రక్తములోను మూత్రములోను భాస్వరము ఎంత యున్నదో కొలుచుటకు వారిరువురును 1925లో ఒక సులభమైన పద్ధతిని ప్రకటించిరి. పరీక్షింపవలసిన ద్రవములో కొన్ని రసాయనములు కలిపినచో నీలివర్ణము పుట్టును. భాస్వరము ఎక్కువగా నున్నచో నీలము చిక్కనగును. తక్కువగా నున్నచో పలుచనగును. ఆ రంగు గాఢతను బట్టి లెక్క కట్టవచ్చును. ఫిస్కె-సుబ్బారావు పద్ధతి యను పేర ఇది జీవరసాయన శాస్త్ర గ్రంథములలో స్థిరపడినది.

ఆ కొలబద్ద చేతికి వచ్చినంతనే కొత్త విషయములు బయటపడసాగెను. 1927లో కండరములలో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును వారు కనుగొనిరి. కండరము పనిచేయునపుడు ఇది విడిపోవును. విశ్రాంతి తీసికొనునపుడు మరల ఏర్పడును. 1929లో ఏటీపీ అను మఱియొక పదార్థము బయల్పడెను. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును స్వతంత్రముగా దానిని కనుగొనెను. చేయి ఎత్తుటకైనను, గుండె కొట్టుకొనుటకైనను, మెదడు ఆలోచించుటకైనను జీవకణములో వ్యయమగు శక్తి అంతయు ఈ ఏటీపీ రూపమున చెలామణి యగును. సంతలో సరకు ఏదైనను రూపాయి ఒక్కటే అయినట్లు, శరీరములో పని యేదైనను నాణెము ఇదియే. 1930లో సుబ్బారావునకు డాక్టరేటు లభించెను. అయినను హార్వర్డులో స్థిరమైన ఆచార్య పదవి మాత్రము ఆయనకు దక్కలేదు. ఫిస్కె పేరు ముందును తన పేరు వెనుకను ఉండుటకు ఆయన ఎన్నడును అడ్డు చెప్పలేదు. తన గొప్పను తాను చాటుకొను స్వభావము ఆయనకు లేకుండుటయే ఆయన పేరు మఱుగుపడుటకు ముఖ్యకారణమని చెప్పవలెను.

1940లో ఆయన హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్ అను ఊరిలో నున్న లెడర్లీ అను మందుల సంస్థలో చేరెను. కొలది కాలములోనే పరిశోధన శాఖకు అధిపతి యయ్యెను. అచ్చట ఆయన మొదట చేపట్టిన పని తన సోదరుల మరణముతో ముడిపడినది.

ఆ కథకు మూలము హిందూదేశములోనే కలదు. లూసీ విల్స్ అను ఆంగ్లేయ వైద్యురాలు 1928 మొదలుకొని బొంబాయిలో గర్భిణీ స్త్రీల పాండురోగమును పరిశీలించెను. బట్టల మిల్లులలో పనిచేయు పేద స్త్రీలకు కడుపుతో నున్నపుడు రక్తము అపాయకరముగా క్షీణించుచుండెను. మద్యము పులియబెట్టు ఈస్టునుండి తీసిన సారమును వారికి ఇచ్చి చూడగా వారు కోలుకొనిరి. 1931లో ఆమె ఈ విషయమును ప్రకటించెను. ఈస్టులోను, కాలేయములోను, ఆకుకూరలలోను ఏదో ప్రాణరక్షక ద్రవ్యము ఉన్నదని తేలెను గాని, అది యేమో ఎవరికిని తెలియలేదు. 1941లో అమెరికాలో మఱికొందఱు శాస్త్రజ్ఞులు టన్నులకొలది పాలకూర ఆకును పిండి, రవంత సారమును తీసి, ఆకునుండి వచ్చినది గనుక దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టిరి. లాటిను భాషలో ఫోలియము అనగా ఆకు.

టన్నుల ఆకునుండి రవంత వచ్చు వస్తువు రోగులకు మందు కాజాలదు. దానిని ప్రయోగశాలలో తయారుచేయవలెను. సుబ్బారావు నాయకత్వమున లెడర్లీలోని రసాయన శాస్త్రజ్ఞుల బృందము ఆ పనికి పూనుకొనెను. కాలేయమునుండియు, సూక్ష్మజీవుల పులిసిన ద్రవమునుండియు శుద్ధపదార్థమును వేఱుచేసి, దాని నిర్మాణమును విప్పి, 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా సృష్టించిరి. స్ప్రూ రోగులకు దానిని ఇచ్చి చూడగా నాలుక పొక్కులు మానెను, ఆకలి పుట్టెను, రక్తము వృద్ధి చెందెను. పురుషోత్తమును కృష్ణమూర్తియు మరణించిన రోగమునకు మందు దొరికెను. అన్నదమ్ములు గతించి అప్పటికి ఇరువది సంవత్సరములు దాటెను.

అయితే సుబ్బారావు వెదకినది ఇది ఒక్కటియే కాదు. ప్రాణాంతకమైన మఱియొక పాండురోగమునకు కాలేయములోని మందును గూడ ఆయన ఎంతో కాలమునుండి గాలించుచుండెను. ఫోలిక్ ఆమ్లము ఆ రోగుల రక్తమును బాగుచేసెను గాని నరముల క్షయమును ఆపలేకపోయెను. అసలైన మందగు బి12 విటమినును 1948లో అమెరికాలోను ఇంగ్లండులోను ఇతరులు వేఱుచేసిరి. శాస్త్రములో వేటగాడు ఒక లేడిని తఱుముచు పోయి మఱియొకదానిని పట్టుట అరుదు కాదు.

ఫోలిక్ ఆమ్లము పసుపుపచ్చని స్ఫటికముల పొడి. నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు ప్రాంతమున పసుపు కొమ్ములను ఉడికించి, ఎండబోసి, మెఱుగుపట్టు రోజులలో గాలిలో తేలు పొడి వర్ణము చూచినవారికి దీని రంగు వేఱుగా వర్ణింప నక్కఱలేదు. ఇనుముతో కలిపి ఈ ఆమ్లమును చేర్చిన మాత్రలను ఆ ప్రాంతపు ఆరోగ్య కేంద్రములలోను, దేశమందలి ఇతర కేంద్రములలోను గర్భిణులకు పంచుదురు. పాఠశాలలలో వారమునకు ఒకసారి విద్యార్థులకు ఇచ్చు నీలిరంగు మాత్రలో గూడ 60 మిల్లీగ్రాముల ఇనుముతోపాటు అర మిల్లీగ్రాము ఫోలిక్ ఆమ్లము ఉండును. ఆ మాత్ర మ్రింగు బాలబాలికలలో దానిని తయారుచేసిన బృందమునకు నాయకుడు భీమవరమువాడని ఎఱిగినవారు ఎందఱో చెప్పుట కష్టము.

లెడర్లీలో ఆయన విశ్రాంతి యెఱుగకుండ పనిచేసెను. బోదకాలు వ్యాధికి కారణమగు సన్నని పురుగులను చంపు మందు 1947లో వెలువడెను. బోదకాలు గోదావరి ప్రాంతమున బహుళముగా నుండెడి వ్యాధి. దానిని నిర్మూలించుటకై తెలుగునాట ఇంటింటికి తిరిగి పంచిన మాత్ర అదియే. ఆయన లెడర్లీకి రప్పించిన వృద్ధ శాస్త్రజ్ఞుడు డగ్గర్ మట్టిలోని బూజువంటి సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును తీసెను. టెట్రాసైక్లీను జాతి మందులలో అది మొదటిది. 1948లో లోకమునకు వెల్లడియయ్యెను. ఫోలిక్ ఆమ్లమును పోలియుండి, దాని పనికి అడ్డుపడు అమినాప్టెరిన్ అను పదార్థమును గూడ ఆయన బృందము తయారుచేసెను. రక్తకణములు మితిమీరి పెరుగు ల్యుకీమియా వ్యాధి సోకిన పసిపిల్లలకు బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు దానిని ఇచ్చెను. అంతవరకు మృత్యువు తప్ప మఱియొక గతి లేని ఆ బిడ్డలలో కొందఱికి తాత్కాలికముగా వ్యాధి తగ్గెను. క్యాన్సరునకు మందులతో చికిత్స చేయు మార్గములో అది తొలి అడుగులలో ఒకటి.

1948 ఆగస్టులో ఒక రాత్రి సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించెను. వయస్సు 53 సంవత్సరములు. కడదాక ఆయన అమెరికా పౌరసత్వమును స్వీకరింపలేదు.

ఆయన మందు చేయగల మేలులో ఒక పెద్ద భాగము ఆయన మరణించిన పిదపనే తెలియవచ్చినది. అది తల్లి కడుపులోని శిశువునకు సంబంధించినది. గర్భము ధరించిన మూడవ వారమున పిండము వీపు వైపున కణముల పలక యొకటి ఏర్పడును. దాని అంచులు రెండును పైకి లేచి, పిల్లలు తాటాకును చుట్టి బూర చేసినట్లు, ఒకదానితో ఒకటి కలిసి గొట్టమగును. ఆ గొట్టము పైభాగమే మెదడు; క్రిందిభాగమే వెన్నుపాము. సుమారు ఇరువది యెనిమిదవ దినమునాటికి గొట్టము పూర్తిగా మూసికొనవలెను. పైన మూసికొననిచో మెదడు ఏర్పడని బిడ్డ పుట్టి వెంటనే మరణించును. క్రింద మూసికొననిచో వెన్నెముక చీలియున్న బిడ్డ పుట్టును. ఆ బిడ్డకు కాళ్లు చచ్చుబడవచ్చును.

తల్లికి ఫోలిక్ ఆమ్లము కొఱవడుటకును ఈ లోపమునకును సంబంధము ఉండవచ్చునని 1965లో ఇంగ్లండులో హిబ్బార్డు, స్మిథెల్స్ అను వైద్యులు సూచించిరి. దానిని రుజువు చేయుటకు ఇంచుమించు పాతికేండ్లు పట్టెను. అంతకుముందే ఇట్టి బిడ్డను కన్న తల్లులపై ఏడు దేశములలోని 33 కేంద్రములలో పెద్ద పరీక్ష జరిగెను. గర్భము ధరించుటకు ముందునుండియే ఫోలిక్ ఆమ్లము తీసికొన్నవారిలో ఈ లోపము 72 శాతము తగ్గినట్లు 1991లో తేలెను. 1998 నుండి అమెరికాలో ధాన్యపు పిండిలో దీనిని తప్పనిసరిగా కలుపుచున్నారు.

ఇందులో ఒక చిక్కు కలదు. గొట్టము మూసికొను ఆ నాలుగు వారములలో తాను గర్భవతినని చాలమంది స్త్రీలకు తెలియనే తెలియదు. నెల తప్పినదని గ్రహించి, రెండవ నెలలోనో మూడవ నెలలోనో ఆరోగ్య కేంద్రమునకు పోయి మాత్ర తీసికొనునప్పటికి గొట్టము మూసికొనుటయో, మూసికొనకపోవుటయో జరిగిపోయియే యుండును. అప్పుడు తీసికొన్న మాత్ర తల్లి రక్తమునకు మేలు చేయును గాని ఈ లోపమును సరిదిద్దలేదు. కావుననే బిడ్డను కోరు స్త్రీ ముందునుండియే దీనిని తీసికొనవలెనని వైద్యులు నొక్కి చెప్పుదురు. ఇప్పటికిని ఈ సంగతి చేరని ఇండ్లు పెక్కు.

గొట్టము మూసికొన్న తరువాత మెదడు ఎట్లు పెరుగునో చూచుట మఱింత కష్టమైన పని. ఆర్మూరు రైతు జూనులో పసుపు విత్తనము నాటి, తొమ్మిది నెలలు నీరు కట్టి, ఆకు ఎండిన పిదప త్రవ్వి చూచునంతవరకు నేలలో కొమ్ము ఎంత ఊరినదో ఎఱుగడు. గర్భములోని మెదడును గూర్చియు వైద్యులకు చిరకాలము అదే స్థితి. పుట్టకమునుపే మరణించిన పిండములను కోసి చూచినదే వారి జ్ఞానము. త్రవ్వకుండ చూడగల సాధనము అయస్కాంత శక్తిపై ఆధారపడిన ఎంఆర్ఐ యంత్రము. దీనికి మూలమైన సూత్రమును 1946లో అమెరికాలో రెండుచోట్ల ప్రకటించిరి; అందు ఒకటి సుబ్బారావు విడిచివచ్చిన హార్వర్డు. బలమైన అయస్కాంతము నడుమ పరుండబెట్టిన మనుష్యుని శరీరములోని నీటి యందలి హైడ్రోజను పరమాణువులు రేడియో తరంగములకు బదులు పలుకును. ఆ బదులును కంప్యూటరు చిత్రముగా కూర్చును. ఎక్స్‌కిరణములు ఇందులో లేవు.

1983లో మొదటిసారి గర్భస్థ శిశువును ఈ విధముగా చిత్రించిరి. కాని కడుపులోని బిడ్డ కదలక యుండదు. తల్లి ఊపిరి బిగపట్టినను, బిడ్డ తన ఇష్టమువచ్చినట్లు కాళ్లు చాచును, తల త్రిప్పును, చిత్రము అలుకుకొనిపోవును. ఒక్కొక్క పొరను సెకను కాలములోపల తీయు పద్ధతులు వచ్చిన పిదప, చెదరిన పొరలను కంప్యూటరు సరిగా పేర్చి పూర్తి మెదడును నిర్మించుట సాధ్యమైనది. అయిదవ నెలలో మెదడు పైభాగము దాదాపు నున్నగా నుండును. ఆఱవ నెలనుండి గాళ్లు పడసాగును. పుట్టువేళకు పెద్దవారి మెదడువలె ముడుతలతో నిండియుండును. ఆరోగ్యవంతమైన మెదడు ఏ వారమున ఎట్లుండవలెనో కొలతలతో తెలిసిననే గదా, లోపమున్న మెదడును గుర్తింపవచ్చును. అందుచేత శాస్త్రజ్ఞులు రోగుల కంటె ముందు నిరోగులను పరీక్షించు పనిలో నున్నారు.

ఈ కృషిలో భారతదేశమునకును స్థానము లభించినది. సుబ్బారావు చదివిన చెన్నపట్టణములోనే, ఐఐటీ మద్రాసుకు చెందిన మెదడు పరిశోధన కేంద్రము 2024 డిసెంబరులో ధరణి అను పేర గర్భస్థ శిశువుల మెదడు పటమును విడుదల చేసెను. ఇది యంత్రముతో దూరమునుండి తీసినది మాత్రమే కాదు. ఐదు పిండముల మెదళ్లను సన్నని పొరలుగా కోసి, 5,132 పొరలను కణములు కనిపించునంత స్పష్టముగా చిత్రించి కూర్చిరి. ప్రపంచములోని పరిశోధకు లెవరైనను దానిని ఉచితముగా చూడవచ్చును.

ఎంఆర్ఐ యంత్రముతో చిత్రము తీయుటయే కాక, మెదడులో ఏ రసాయన పదార్థము ఎంత యున్నదో గూడ కొలువవచ్చును. పుట్టుటకు కొద్ది నెలల ముందు శిశువు మెదడును ఈ విధముగా పరీక్షించినపుడు కాగితముపై కొండకొమ్ములవలె కొన్ని శిఖరములు లేచిన గీత వచ్చును. ఒక్కొక్క శిఖరము ఒక పదార్థమునకు గుర్తు. వాటిలో ఒకటి క్రియాటినును ఫాస్ఫోక్రియాటినును కలిసి నిలిపిన శిఖరము. ఆ రెండవ పదార్థమే 1927లో బోస్టనులో సుబ్బారావు ఫిస్కెతో కలిసి కండరమునుండి వెలికితీసినది.